బోడిమెడ పిల్లలు

మా పెద్దమ్మది బంటుమిల్లి. పెదనాన్న పోయాక ఇల్లు నడిచింది ఆవిడ కోళ్ల మీదే. తొంభైల్లో ఒక ఏడాది కొక్కెర తెగులు వచ్చి గూడంతా ఊడ్చిపెట్టేసింది. మిగిలినవి ఒక పుంజు, ఒక పెట్ట. రెండూ మెడ మీద ఈకల్లేని రకం. వాటితోనే మళ్లీ మంద తయారుకావాలి.

నేనప్పుడు బందరులో డిగ్రీ చదువుతున్నాను. జన్యుశాస్త్రం కొత్తగా తలకెక్కిన రోజులు. ఎవరి ముక్కు చూసినా అది ఏ తాతదో తేల్చి చెప్పేవాణ్ణి.

కార్తీకంలో పెట్ట పొదుగుకొచ్చింది. అలాంటప్పుడు పెద్దమ్మ చుట్టుపక్కల ఇళ్లలో తలా రెండు గుడ్లు అడిగి తెచ్చి, సొంత గుడ్లతో కలిపి పొదగేసేది. గుడ్లిచ్చిన ఇంటికి తర్వాత ఒక పిల్లనిచ్చేది. ఈసారి నేను అడ్డుపడ్డాను.

"బయటి గుడ్లు కలిపితే జాతి చెడిపోద్ది పెద్దమ్మా. బోడిమెడ వాటికి ఒంట్లో వేడి తొందరగా బయటికి పోద్ది. ఎండలకి తట్టుకుంటాయి."

"మరి చలికో?"

"మనకి చలేంటి, ఇదేమన్నా కాశ్మీరా?"

ఆవిడ నవ్వి, నా మాటే విన్నది.

పన్నెండు గుడ్లూ పిల్లలయ్యాయి. తొమ్మిదింటి మెడలు బోడి, మూడింటికి నూగు ఉంది. మూడుకు ఒకటి, అచ్చం పుస్తకంలో ఉన్నట్టే! నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

వారం తిరక్కుండా వాయుగుండం పట్టింది. మూడు రోజులు ముసురు, తూర్పు గాలి. గూడు తడిసిపోతే పెట్టనీ పిల్లల్నీ గంపలో వంటింట్లోకి తెచ్చాం. తడి కట్టెలు పొగ తప్ప సెగ ఇవ్వలేదు. తడిసిన పెట్ట రెక్కల కింద పన్నెండూ పట్టలేదు. బోడిమెడ పిల్లలు ఒక్కొక్కటే ముడుచుకుని పోయాయి. తొమ్మిదిలో ఒక్కటి మిగిలింది. నూగున్న మూడూ బతికాయి. ఎండలో వేడిని వదిలే మెడ చలిలో మాత్రం ఎందుకు దాచుకుంటుంది? ఈ పాటి ఆలోచన నాకు రాలేదు.

పెరట్లో గొయ్యి తవ్వుతూ, తప్పు నాదేనన్నాను.

"నీదేముందిరా అబ్బాయ్. ఇన్నేళ్లూ కలిపి పొదగేసినదాన్ని, ఎందుకు కలుపుతున్నానో నాకే తెలవదు. తెలిస్తే నీకు చెప్పేదాన్ని గదా," అంది.

చెయ్యి కడుక్కుని, మిగిలింది నాలుగు పిల్లలే అయినా, వచ్చే పొదుగుకి గుడ్లు అడిగి ఉంచడానికి పక్కింటికి బయల్దేరింది. తిట్టి ఉంటే ఆ రోజే మర్చిపోయేవాణ్ణి.