నేను చెరిపేసిన కరెంటు తీగ

నేను భౌతికశాస్త్ర అధ్యాపకుడిని. నిరుడు తిరుపతిలో సరదాకి ఫోటోగ్రఫీ తరగతిలో చేరాను. ఏ మార్పులూ చేయని ఒక చిత్రం తెమ్మన్నారు. సూళ్లూరుపేట దగ్గర రాజహంసలను ఫోటో తీసి తెచ్చిన పూలవ్యాపారి మునిరత్నానికి అందరూ చప్పట్లు కొట్టారు. నా కొండ చిత్రాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

కడుపు మండి, "నీడల కోణం తప్పు. ఇది అతికించిన బొమ్మ. కెమెరాలోని అసలు ఫైలు చూపించండి" అన్నాను.

"సూడండి సారూ" అని ఆయన చూపించారు. అణువంత మార్పు లేదు. "ఇంక మీదీ సూపించండి."

తప్పలేదు. నా కెమెరాలో కొండకు అడ్డంగా కరెంటు తీగ కనబడింది.

"బొమ్మలో ఈ తీగ లేదే! కాకులు ఎత్తుకపోయినాయా సారూ?"

తరగతంతా ఘొల్లుమంది. సిగ్గుతో తల వంచుకున్నాను.

ఇప్పటికీ ఆయన చిత్రం చూస్తే ముందు లోపమే వెతుకుతాను. దాన్ని శాస్త్రీయ పరిశీలన అని మాత్రం ఇక చెప్పుకోను.