కొత్తచెరువులో మూడు చుట్లు

తాగుడు మానడం నాకు కొత్త కాదు. ఏటా మానేవాణ్ని. మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ ఊరు నన్ను చూసి ముక్కు మీద వేలేసుకునేది. మాల తీసిన సాయంత్రానికి ఆ వేలు తీసేసేది. పైగా నేను హైస్కూల్లో తెలుగు అయ్యవారిని. మద్యపానం వల్ల అనర్థాల గురించి పిల్లల చేత వ్యాసాలు రాయించి, అవి దిద్దే పూట కూడా ఒక గుక్క వేసుకునేవాణ్ని. అక్షరదోషం మాత్రం ఒక్కటీ వదిలేవాణ్ని కాదు. బీడీ తాగారని అనుమానం వస్తే పిల్లల్ని వరసగా నిలబెట్టి "ఊదండ్రా" అనేవాణ్ని. వాళ్లు తిరిగి నన్ను ఊదమనలేదు. అది వాళ్ల మంచితనం.

ఈసారి మాలతో పని జరగదని మా కూతురు తేల్చేసింది. మాకు ఒక్కతే బిడ్డ. ఐదో నెల. తొలికాన్పుకు ఎప్పుడు తీసుకురావాలో మాట్లాడదామని ఫోన్ చేశాను.

"నువ్వు తాగేది మానేదాకా నేను ఆ ఇంటికి రాను నాయనా. కాన్పు ఈడనే చేపిచ్చుకుంటా" అంది.

తొలికాన్పు అత్తగారింట్లో జరిగితే చుట్టాలు ఊరుకుంటారా? మా ఆవిడ ఆ రోజు అన్నం పెట్టింది గానీ నా మొహం చూడలేదు. నాకు నిజంగా భయం వేసింది. పరువు సంగతి తర్వాత. ఆ పిల్ల అన్నంత పనీ చేస్తుంది.

బీపీ చూపించుకోవడానికి ఆసుపత్రికి పోయినప్పుడు గోడ మీద ఒక కాగితం కనబడింది. తాగుడు మానాలనుకునేవాళ్లు ఆదివారాలు కలుస్తారని రాసి, కింద నంబరు వేశారు. ఆ నంబరును ఫోన్లో "విత్తనాల అంగడి" అని దాచుకున్నాను. చేస్తే ఒకాయన, కదిరిలోనూ కొత్తచెరువులోనూ కూర్చుంటామని చెప్పాడు. మాది నల్లమాడ పక్క పల్లె, కదిరి అయితే వీలు. కానీ కదిరిలో మా వియ్యంకుడు ఉన్నాడు. సంబంధం కుదిరేముందు వాళ్లు మా ఊళ్లో నా గురించి విచారించారు. నా అదృష్టం కొద్దీ మాల వేసుకున్న రోజుల్లో వచ్చారు. "అయ్యవారు నిప్పప్పా" అని ఊరంతా ఒక్క మాట మీద చెప్పింది. ఆ నిప్పు అట్లాగే ఉండనీ అని కొత్తచెరువు బస్సెక్కాను.

దిగాక దారి అడగాలి. ఏమని అడగాలి? ఇన్నేళ్లు పిల్లల్ని ప్రశ్నలతో చంపిన నోరు పెగల్లేదు. తువ్వాలు చెవుల దాకా చుట్టుకుని ఎండలో సందు సందూ తిరిగాను. ఒకే టీ అంగడి ముందుకు మూడోసారి వచ్చేసరికి టీ మాస్టరుకు ఓపిక అయిపోయింది.

"ఏమన్నా, తాగేది మానే మీటింగుకేనా? ఆ సందులో నీలం తలుపు. వచ్చినోళ్లంతా ఇట్లే ఈడ మూడు సుట్లు తిరిగి గానీ లోపలికి పోరు" అన్నాడు, అంగడి ముందున్న నలుగురికీ వినపడేలా.

నీలం తలుపు తోశాను. గుండ్రంగా వేసిన కుర్చీల్లో పదిమంది దాకా ఉన్నారు. టీ గ్లాసులు అందిస్తున్న పెద్దమనిషి తల ఎత్తాడు. మా వియ్యంకుడు!

వెనక్కి తిరగబోయాను. ఆయన గ్లాసులతోనే అడ్డం వచ్చాడు.

"కూచో బావా. ఎందుకట్ల పోతాండావు?"

"కదిరిలోనే మీటింగు పెట్టుకోని మీరు ఈడికెందుకొచ్చినారు బావా?"

"కదిరికైతే నువ్వొస్తావేమోనని" అన్నాడు. "పెండ్లిలో నీ పక్కన కూచున్నప్పుడే తెలిసిపోయింది నాకు. అడుగుదామంటే, నా వాసన నువ్వు పట్టేస్తావని నోరు మూసుకున్నా."

పెళ్లిలో ఇద్దరం యాలకులు నములుతూ, ఎడంగా జరిగి మాట్లాడుకున్నది గుర్తొచ్చింది. ఆ ఎడాన్ని నేను మర్యాద అనుకున్నాను.

"పాపను కాన్పుకు పంపిస్తారా బావా?" అని అడిగాను.

"పంపేదానికి నేనెవర్ని? నీళ్లు పోసుకున్నట్టు తెలిసినప్పుడే పాప నాకూ చెప్పింది, తాగొస్తే బిడ్డను ఎత్తుకోనియ్యనని. నాలుగు నెలలాయ నేను ముట్టక."

ఒక్కొక్కరే ఎన్నాళ్లయిందో చెబుతున్నారు. మూడు వారాలని చెప్పాలని నేను బస్సులోనే అనుకుని వచ్చాను. పక్కనే బావ, ఆయన ముక్కు సంగతి ఇప్పుడే తెలిసింది. "పొద్దున్నించి" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, నాకు ఏడుపు ఆగేది.

తర్వాత ఒక్క ఆదివారం కూడా మానలేదు. చుట్లు కొట్టడం మాత్రం మానేశాను.

తొమ్మిదో నెలలో కూతుర్ని తీసుకురావడానికి చుట్టాలతో కలిసి కదిరి వెళ్లాం. సంచి చేతిలో పట్టుకుని ఆమె గడప దగ్గరే ఆగింది. నేను చెయ్యి చాపాను. సంచి ఇవ్వలేదు.

"ఊదు నాయనా" అంది.

చుట్టాలంతా చూస్తున్నారు. ఏ పరీక్షకూ నేను అంత భయపడలేదు. అప్పుడు మా వియ్యంకుడు వచ్చి నా పక్కన వరసలో నిలబడ్డాడు. ముందు ఆయన ఊదాడు. తర్వాత నేను ఊదాను.

ఆమె కళ్లు తుడుచుకుని సంచి నా చేతికిచ్చింది.