డబ్బింగ్ చెప్పని సీను

దయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. మైకు ముందు కూర్చుని దయ్యాలకు గొంతు అరువిచ్చినదాన్ని నేను. ఏ అరుపు ఎక్కడి నుంచి పుడుతుందో, అరిచాక గొంతు మంటకి ఏం తాగాలో నాకు తెలుసు. కాబట్టి ఇది చదివి "పాపం, భయపడింది" అని ఎవరూ జాలిపడక్కర్లేదు. నేను భయపడలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానేయండి.

మాది తెనాలి. హైదరాబాదులో చాలా ఏళ్లు సీరియళ్లకి డబ్బింగ్ చెప్పి, కొన్నాళ్ల కిందట ఇంటికి వచ్చేశాను. చెప్పినవన్నీ పక్క పాత్రలే. పనమ్మాయి, ఎదురింటావిడ, ఆసుపత్రిలో నర్సు. హీరోయిన్‌కి గొంతు ఇచ్చింది ఒక్కసారే, "ఎదురింటి వసుధ" అనే సీరియల్‌లో. మీరు విని ఉండరు. అది కొన్ని నెలలే వచ్చింది. ఆ తర్వాత ఛానలే మూతపడింది. ఇంటర్నెట్‌లో ఎంత వెతికినా ఒక్క ముక్క దొరకదు. టైటిల్స్‌లో నా పేరు కూడా వేయలేదు. అసలు అలాంటి సీరియల్ ఒకటి వచ్చిందా అని నన్నే అనుమానంగా చూసినవాళ్లున్నారు.

వచ్చింది. రేపల్లెలో మా కరుణ పిన్ని ఒక్క రోజు కూడా తప్పకుండా వినేది.

వినేది అనే అంటున్నాను. పిన్ని మా అమ్మకి చెల్లెలు, రిటైరైన టీచరు. షుగరు వల్ల అప్పటికే ఆమెకి చూపు పోయింది. సాయంత్రం వంట ముగించుకుని, టీవీకి దగ్గరగా కుర్చీ జరుపుకుని, నా గొంతు కోసం కూర్చునేది. మర్నాడు ఫోన్ చేసి ఎక్కడ బాగా చెప్పానో, ఎక్కడ తేలిపోయానో మొహమాటం లేకుండా చెప్పేది. నాకున్న ప్రేక్షకుల్లో నన్ను గుర్తుపట్టింది ఆమె ఒక్కతే.

ఇక్కడ మా పని గురించి ఒక మాట చెప్పాలి. వసుధగా వేసిన అమ్మాయిది బొంబాయి. తెలుగు ముక్క రాదు. పెద్ద డైలాగు వస్తే ముఖంలో కోపం, దుఃఖం అన్నీ పలికిస్తూ నోటితో మాత్రం "వన్, టూ, త్రీ" అని అంకెలు చదివేసేది. నవ్వకండి, ఈ రంగంలో అది మామూలే. ఆ పెదాల కదలికకి సరిపోయే మాటలు తర్వాత మేం పెడతాం.

ఆఖరి ఎపిసోడ్‌లో ఒక సీనుంది. మామగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, "క్షమాపణ చెప్పి లోపలికి రా, లేకపోతే అటే పో" అంటాడు. వసుధ తలెత్తి ఏదో అంటుంది. అన్నీ అంకెలే. చివర్లో పెదాలు గట్టిగా మూసేస్తుంది. డబ్బింగ్ థియేటర్లో ఆ సీను నాకు ఒక్కసారి వేసి చూపించారు. రచయిత డైలాగు కాగితం ఇంకా పంపలేదు, రేపు రమ్మన్నారు. ఆ రేపు రాలేదు. ఛానల్ ఆపేశారు, మమ్మల్ని ఇళ్లకి పొమ్మన్నారు.

తెనాలికి రైలెక్కాను గానీ ఒళ్లంతా మండిపోతోంది. నాకు దక్కిన ఒకే ఒక్క హీరోయిన్, నోరు తెరిచి మాట లేకుండా నిలబడిపోయింది. కిటికీ పక్కన కూర్చుని, ఆ పెదాల కదలిక గుర్తు తెచ్చుకుంటూ, నేనే మాటలు కట్టాను. మనసులోనే. పెదాలు కూడా కదపలేదు. ఎక్కడా రాసుకోలేదు, ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అదేమన్నా గొప్ప విషయమా? దిగేసరికి మర్చిపోయాననే అనుకున్నాను.

పదేళ్లు దాటాక, పోయిన ఏడాది, పిన్ని కొడుకు ప్రభాకర్ బాపట్ల నుంచి ఫోన్ చేశాడు. అక్కడ కాలేజీలో పని చేస్తాడు. వాళ్లమ్మ మతి తప్పుతోందని అతని బాధ. చర్చిలో ఆడవాళ్ల కూటంలో ఆమె "ఎదురింటి వసుధ" ముగింపు చెప్పిందట. ఆ సీరియల్ మధ్యలోనే ఆగిపోయింది కదమ్మా అని ఎవరో అంటే, లేదు, నేను విన్నానని వాదించిందట. అప్పటి నుంచి జనం ఒకరినొకరు గిల్లుకుని నవ్వుకుంటున్నారు. సండే స్కూలు పిల్లల్ని ఆమెకి అప్పగించడం మానేద్దామన్న మాట కూడా వచ్చింది. ప్రభాకర్ ఇంకో అడుగు ముందుకేశాడు. రేపల్లెలో అద్దె ఇల్లు ఖాళీ చేయించి, ఆమెని బాపట్ల తీసుకుపోవాలని నిశ్చయించాడు.

వాడు చెడ్డవాడేం కాదు. కానీ చూపు లేని మనిషికి అలవాటైన ఇల్లంటే ఏంటో వాడికి అర్థం కాలేదు. ఆ ఇంట్లో పిన్ని తన కాఫీ తనే కలుపుకుంటుంది. చర్చికి తనే నడిచి వెళ్తుంది. బాపట్లలో కొడుకు ఇంట్లో మంచినీళ్లకి కూడా ఎవరినో పిలవాలి. అంతకంటే చావు నయమని నాతో ఎన్నోసార్లు అంది.

"నువ్వొచ్చి చెప్పక్కా. గొంతిచ్చింది నువ్వే కదా. అలాంటి సీను రాలేదని నీ నోటితో చెప్తే వింటుంది," అన్నాడు ప్రభాకర్.

సరే, నిజం చెప్పడమేగా అని రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. పట్టపగలు. వీధి చివర రైసుమిల్లు మోత, ఇంట్లో ప్రభాకర్, అతని భార్య స్వర్ణ, మధ్యలో పిన్ని. వింతలు జరగడానికి కావలసిన సరంజామా ఏదీ అక్కడ లేదు.

"పిన్నీ, ఆ ఆఖరి సీనుకి నేను డబ్బింగ్ చెప్పనేలేదు. ఇంకేదో సీరియల్ విని ఉంటావు," అన్నాను.

"ఏంటే, నీ గొంతు నాకు తెలీదా?" అంది పిన్ని. కోపంగా కూడా కాదు, క్లాసులో తప్పు చెప్పిన పిల్లని చూసి నవ్వినట్టు నవ్వింది. "మామగారు గుమ్మంలో నిలబడి పొమ్మన్నాడా? అప్పుడు నువ్వేమన్నావో చెప్పనా?"

చెప్పింది. "ఉంటే నా మాట మీద ఉంటా. పోతే నా కాళ్ల మీద పోతా. మీరు రమ్మన్నారనీ కాదు, పొమ్మన్నారనీ కాదు. ఇది నా ఇష్టం."

నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టాను. అవి రైల్లో నేను మనసులో కట్టిన మాటలు. ఒక్క అక్షరం తేడా లేదు. చివర పెదాలు మూతపడాలి కాబట్టి "ఇష్టం" అన్న మాట ఏరుకున్నది నేనే.

ప్రభాకర్‌కి ఇవేమీ తెలియవు కదా. "చూశావా అక్కా, ఎలా అల్లేసిందో. రాలేదని చెప్పు," అన్నాడు.

చెప్పడం సులువే. ఆ మాటంటే నాకు పోయేదేం లేదు, పోతే పిన్ని ఇల్లు పోతుంది.

"టీవీలో ఎలా వచ్చిందో నాకు తెలీదురా. కానీ పిన్ని విన్నది నిజం. ఆ మాటలు నావి," అని రైలు సంగతి మొత్తం చెప్పాను.

స్వర్ణ కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. ప్రభాకర్ మాత్రం మండిపడ్డాడు. "నిన్ను సాయానికి పిలిస్తే నువ్వు కూడా మొదలెట్టావా? నిన్ను కూడా చూపించాలి డాక్టరికి."

"చూపించరా. ముందు నన్నే తీసుకెళ్లు. కానీ ఇల్లు ఖాళీ చేయించావంటే మాత్రం, చర్చి కమిటీ ముందు కూడా ఇదే చెప్తా," అన్నాను.

నిజంగానే గుంటూరు తీసుకెళ్లాడు, పిన్నిని. అక్కడి డాక్టరు అడిగిన లెక్కలూ పేర్లూ అన్నీ ఆమె తడుముకోకుండా చెప్పింది. మతి భేషుగ్గా ఉందని ఆయనే తేల్చాడు. ఇల్లు నిలిచింది, సండే స్కూలు కూడా. మా ఇద్దరికీ పిచ్చి అన్న పేరు మాత్రం చుట్టాల్లో స్థిరపడింది. పడనివ్వండి.

నేనూ ఊరుకోలేదు. పిన్నికి ఎప్పుడైనా నోరు జారి చెప్పానా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. లేదు. వేరే ఎవరి చేతైనా చెప్పించారా అని అప్పటి సౌండ్ ఇంజనీరుని అడిగాను. ఆ సీనుకి అసలు ఎవరూ మైకు ముట్టుకోలేదన్నాడు. ఆ మాటలు రచయిత కూడా రాశాడేమో అని ఆయన్నీ పట్టుకున్నాను. "మామగారి కాళ్ల మీద పడి క్షమించమంటుందండి. అదే కదా ముగింపు," అన్నాడాయన.

పోనీ దయ్యం అనుకుందామంటే, ఇందులో చచ్చిపోయినవాళ్లెవరూ లేరు. ఆ గొంతు నాది. నేను బతికే ఉన్నాను.

మొన్న మళ్లీ రేపల్లె వెళ్లాను. ఇద్దరమే ఉన్నప్పుడు పిన్ని మెల్లగా అడిగింది. "ఒక్కటి చెప్పవే అమ్మాయ్. 'పోతే నా కాళ్ల మీద పోతా' అన్నచోట నీ గొంతు జీరబోయింది. అక్కడ ఏడవాల్సిన పని లేదు కదా, ఎందుకని?"

ఆ రోజు రైల్లో ఆ మాట దగ్గరికి వచ్చేసరికి, ఇక నన్ను హీరోయిన్‌కి ఎవరూ పిలవరని నాకు తెలిసిపోయింది. తెలిసినట్టే అయింది కూడా. మనసులో మాటకి జీర ఏమిటి, అది ఇంకో మనిషికి వినపడటమేమిటి?

ఎలా విన్నదో నాకు తెలీదు. వినలేదని మాత్రం నా చేత ఎవరూ చెప్పించలేరు.