నాలుగింటికి బొమ్మ ఆగకూడదు

మా పై వాటా అక్క పోయిన బుధవారం పొద్దున వెళ్లిపోయింది. కొత్తిమీర అడగడానికి మెట్లెక్కి వెళితే టీ గ్లాసు కడిగి బోర్లించి ఉంది, అక్క కుర్చీలో కూర్చుని ఉంది. రెండుసార్లు అడిగాను. నా మాటకు జవాబు చెప్పకుండా ఊరుకునే మనిషి కాదు గనక, మూడోసారి అడగలేదు.

ఆమె నాకు చుట్టం కాదు. ఇరవయ్యేళ్ల కింద నాచారంలో మా మేడ మీదికి అద్దెకు వచ్చింది. ఆమె ఆదివారం చర్చికి పోయేది, నేను శనివారం గుడికి. మిగతా ఐదు రోజులూ ఒకరి వంటకు ఒకరం వంకలు పెట్టుకునేవాళ్లం. ఇక్కడి ఫ్యాన్ల ఫ్యాక్టరీలో తయారైన ప్రతి ఫ్యాన్‌నూ తిప్పి చూసి పంపే బల్ల దగ్గర ఆమె పనిచేసింది. నేను బడిపిల్లల్ని తిప్పి చూసి పంపేదాన్ని. ఆమె పనే నయం, తిరగనిదాన్ని వెనక్కి పంపే వీలుండేది.

ఘట్‌కేసర్‌లో ఉన్న ఆమె చెల్లెలికి రెండేళ్ల కింద పక్షవాతం వచ్చింది. మాట పోయింది, కుడి చెయ్యి పోయింది, గుర్తుపట్టడం మాత్రం పోలేదు. మోకాళ్లు సాగినన్నాళ్లు అక్క ఉప్పల్ దాకా ఆటోలో వెళ్లి, అక్కడ బస్సెక్కి చూసి వచ్చేది. అవి మొరాయించాక, రోజూ నాలుగింటికి చెల్లెలి కోడలు ఫోన్ ఎదురుగా పెడితే వీడియోలో మాట్లాడేది. అయితే ఫోన్ సిగ్నల్ చాలక అక్క బొమ్మ మధ్యలో ఆగిపోయేది. నోరు తెరిచి అలాగే ఉండిపోయిన అక్క ముఖం చూసి, తనకు వచ్చిందే అక్కకూ వచ్చిందనుకుని చెల్లెలు బెంబేలెత్తేది. ఆ పూట ముద్ద ముట్టేది కాదు.

ఒక రోజు అక్క నా గుమ్మంలో నిలబడింది.

"టీచరమ్మా, నీ ఇంటర్నెట్టు నాకు గూడ గావాలె."

"పైకెలా వస్తుంది?"

"నీ మోటారు నీళ్లు ఎక్కుతలేవా? గదెందుకెక్కదో సూద్దాం. ఏది, డబ్బా ఎక్కడున్నది?"

వైఫై డబ్బాను నేను ఇనుప బీరువాలో పెట్టాను. మా రోడ్డు దుమ్ము సంగతి తెలిసినవాళ్లెవరూ నన్ను తప్పుపట్టరు. పైన నేను అల్లిన లేసు గుడ్డ కూడా కప్పాను.

ఆమె బీరువా తలుపు తెరిచి చాలాసేపు చూసింది. "పిల్లలకు పాఠం గిట్లనే చెప్పినవా, బీరువాల గూసొని?"

డబ్బా బయటికొచ్చింది. అక్క ఫోన్ చేతబట్టుకుని ఇల్లంతా నడుస్తూ, సిగ్నల్ నిండుగా ఉన్నచోట సుద్దముక్కతో సున్నా, సగమున్నచోట అడ్డగీత, లేనిచోట ఇంటూ గీసింది. మా గచ్చు గడుసు విద్యార్థి లెక్కల పుస్తకంలా తయారైంది. మెట్ల మీద సగం దాకా సున్నాలే. పైన స్లాబు దాటగానే అన్నీ ఇంటూలు. పది రోజులు ఆమె నాలుగింటికి మెట్ల మీదే కూర్చుని మాట్లాడింది. ప్రతిసారీ చెయ్యిచ్చి లేపడానికి నేను వెళ్లవలసి వచ్చేది.

తర్వాత ఉప్పల్‌లో పాత సామాన్ల దుకాణం నుంచి రెండో డబ్బా తెచ్చింది. ఎప్పుడో తీయించేసిన టెలిఫోన్ తీగ కోసం గోడకు వేసిన రంధ్రంలోంచి కేబుల్ పైకి లాగి, దానికి తగిలించింది. పైన సున్నాలు వచ్చాయి. కానీ ఒకసారి బొమ్మ వచ్చేది, ఒకసారి వచ్చేది కాదు.

"ఒక్కసారి ఒక్కటే మార్చాలె. రెండు మారిస్తే ఏది కుదిరిందో ఎట్ల తెలుస్తది?" అనేది. ఫ్యాక్టరీ బల్ల దగ్గర నేర్చుకున్న పద్ధతి. ఒకటి మార్చడం, పావుగంట చూడటం, క్యాలెండర్ వెనక రాసుకోవడం. మూడు రోజులైనా ఆమె రాతలు ఒకదానితో ఒకటి పొసగలేదు. నాలుగో రోజు కిందికొచ్చి నా ముఖంలోకి చూసింది.

"ఎవరు ముట్టిన్రు?"

సాయపడదామని, ఆమె పైన పరీక్షిస్తున్నప్పుడల్లా నేను కింద డబ్బాను ఆపి మళ్లీ వేస్తున్నాను. ముప్ఫైయేళ్లు కాపీ కొట్టేవాళ్లను పట్టుకున్నదాన్ని, ఆరోజు నేనే పట్టుబడ్డాను.

నా చేతులు ఒళ్లో పెట్టించాక రెండు రోజుల్లో తేల్చింది. ఇంట్లోని ప్రతి ఫోన్‌కూ డబ్బా ఒక నంబరు ఇస్తుందట. ఇక్కడ కిందదీ ఇస్తోంది, పైదీ ఇస్తోంది, ఎవరి నంబరు నమ్మాలో ఫోన్లకు తెలియడం లేదు.

"ఒక్క ఇంట్ల ఇద్దరు అత్తలున్నట్టు. పైదాని నోరు మూయించిన."

ఆ సాయంత్రం అరగంటసేపు బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. అవతల చెల్లెలు అన్నం తిన్నదని కోడలు ఫోన్ చేసి చెబితే, అక్క క్యాలెండర్ వెనక ఆ సంగతి కూడా రాసింది.

డెబ్బై దాటాక ఇంత కుతూహలం ఎందుకని అడిగాను ఒకసారి.

"ఫ్యాన్ తిరగకుంటే పక్కకు పెట్టుడే మా పని. ఎందుకు తిరుగుతలేదని అడిగితే, నీకెందుకమ్మా అనెటోడు సూపర్‌వైజర్. గిప్పుడు ఎవరంటరు?" అంది.

అంత్యక్రియలకు చెల్లెల్ని తీసుకురాలేకపోయారు. సంగతి చెప్పారట, విన్నదో లేదో తెలియలేదట. శనివారం కోడలు నాకు ఫోన్ చేసింది.

"టీచరమ్మా, నాలుగైతే ఫోన్ దిక్కే సూస్తున్నది మా అత్త. మూడు దినాలాయె, ఏం తింటలేదు. జర నువ్వు మాట్లాడుతవా?"

నాలుగింటికి మాట్లాడాను. కిటికీ పక్కన మంచం, దిండ్ల మీద అక్క ముఖమే, ఇంకా సన్నబడి. ఆమె నన్ను దాటి నా వెనక చూసింది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

"మీ అక్క పోయింది తల్లీ. నేను కింది వాటా టీచర్‌ని," అన్నాను. ఆ తర్వాత ఏం చెప్పాలో తోచక, మా వీధిలో నీళ్లు రాని సంగతి, బెండకాయలన్నీ ముదురుగా వచ్చిన సంగతి చెప్పాను. ఆమె చూపు మెల్లగా గోడ నుంచి నా మీదికి వచ్చింది. ఎడమ చెయ్యి లేచి, ముందుకు వచ్చి, ఫోన్ కెమెరా మీద పడింది. తెర నిండా ఎరుపు, ఎండలో కళ్లు మూసుకుంటే రెప్పల వెనక కనిపించేలాంటి ఎరుపు.

"చెయ్యి తియ్యమంటవా టీచరమ్మా?" అంది కోడలి గొంతు.

"ఉండనీ," అన్నాను. ఆ ఎరుపుతోనే బెండకాయల గురించి మాట్లాడుతూ కూర్చున్నాను.