సర్వే పిల్ల మా చుట్టమైంది

ఆయన సెంట్రింగ్ పనికి హైదరాబాదు పోయి వచ్చిన తర్వాత నాకు ఒంటికి పోతే మంట మొదలైంది. నెలలు గడిచినా తగ్గలేదు. ఎవరికి చెప్పుకోను? మా పల్లెలో ఆశా వర్కరు మా చిన్నత్త. మార్కాపురం ఆస్పత్రికి పోదామంటే, బస్సు ఎక్కేలోపే ఎందుకు, ఏమిటని నలుగురు అడుగుతారు.

అట్లాంటప్పుడు సర్వే పిల్ల వచ్చింది. చేతిలో ట్యాబు, మెడలో కార్డు. దేశమంతా చేసే సర్వే అని, అందులో మా ఊళ్ళో కొన్ని ఇళ్ళే పడ్డాయని, మన మాట బయటికి పోదని చెప్పింది. "అక్కా, మీతో ఒంటరిగా మాట్లాడాల" అన్నది. ముక్కూ మొహం తెలియని మనిషి, మళ్ళీ కనిపించదు. ఈమెకే చెప్పుకుందామనుకున్నాను.

మా అత్త శెనక్కాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది. గడపలోకి వచ్చినవాళ్ళ వరస తేల్చకుండా మంచినీళ్ళు కూడా ఇవ్వదు ఆమె.

"ఏ ఊరు పాపా మీది?"

"గిద్దలూరమ్మా."

"మీ అమ్మ పుట్టిల్లు?"

వెలిగండ్ల దగ్గర అన్నది ఆ పిల్ల. అత్త చేట పక్కన పెట్టింది. తాత ఎవరు, ఇల్లు చర్చికి ఏ పక్క అని అడిగింది. తేలిందేమంటే, ఆ పిల్ల తల్లి మా అత్తకు సొంత చిన్నాయన కూతురు.

"నా చెల్లెలి బిడ్డవే నువ్వు. మావాడికి చెల్లెలివి. ఇది నీకు వదిన."

ఆ పిల్ల మొహం విప్పారింది. ఎండలో ఊళ్ళు తిరిగేదానికి ఒక ఇల్లు దొరికింది.

అత్త మజ్జిగ ఇచ్చి, "మన పిల్లే గదా, అడగనీ" అని తనంతట తానే బయటికి పోయి తలుపు దగ్గరికి వేసింది.

ఆ పిల్ల ముందు నా వేలు పొడిచి రక్తం తక్కువుందని చెప్పింది. రక్తానికి వరసలు తెలియవు, ఉన్నది చెప్పేసింది. తర్వాత నన్ను అడిగింది.

"వదినా, ఈ పన్నెండు నెలల్లో తెల్లబట్ట, కింద పుండ్లు, మంట ఏమన్నా వచ్చినాయా?"

అన్న తెచ్చిన రోగాన్ని చెల్లెలికి ఏ నోటితో చెప్పను?

"లేదమ్మా."

"నేనెవురికీ చెప్పను వదినా."

నిజంగానే చెప్పదేమో. అయినా లేదనే అన్నాను. ట్యాబులో లేదనే నొక్కింది.

ఎవరన్నా ఉందంటే మందు ఇస్తారా అని ఊరికే అడిగినట్టు అడిగాను. మందులుండవని, ఆస్పత్రికి పొమ్మంటామని చెప్పింది. ఏ డాక్టరమ్మ దగ్గరికి పోవాలో ఆటో దాకా నడుస్తూ అడుగుదామని వెంట బయలుదేరాను. అత్త కూడా లేచింది. దారంతా ఆ పిల్ల భుజం మీద చెయ్యి తీయలేదు.

ఆటో పోయిన తర్వాత, బంగారం లాంటి పిల్ల అన్నది అత్త. అవునన్నాను. ఇంటికొచ్చి, ఒంటికి పోవాల్సి వస్తుందని ఆ పూట నీళ్ళు తాగలేదు.