చార లేని చీర

మా నాయన పోయినాక నాకు నిశ్శబ్దమంటే భయం పట్టుకుంది. చెబితే నవ్వుతారు, ఎందుకంటే నా ఉద్యోగమే నిశ్శబ్దంలో. తిరుపతి బయట ఒక ఫ్యాక్టరీలో, పసుపు లైట్ల గదిలో, తల నుంచి కాళ్ళ దాకా తెల్ల ముసుగు తొడుక్కుని పనిచేస్తాను. క్రోమియం పూసిన గాజు పలకల మీద లేజర్‌తో నమూనాలు అచ్చువేసే మెషిన్ నాది. ఫోన్ తెరలు తయారుచేసేవాళ్ళకు ఆ పలకలే అచ్చులు. మా గదిలో గట్టిగా తుమ్మినా తప్పే. నేనేమో నగరిలో పవర్‌లూమ్ మగ్గాల మధ్య పుట్టినదాన్ని. మా వీధిలో మామూలుగా మాట్లాడితే ఎవరికీ వినపడదు, అరవాల్సిందే. చేరిన కొత్తలో మా ఇంజనీరు సారు "ఏమ్మా, మీ ఊళ్ళో అందరూ చెవిటివాళ్ళా?" అని ఎగతాళి చేశాడు. "సగం మంది అంతే సార్, మా నాయనతో సహా" అన్నాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

చిత్రమేమిటంటే ఆ మెషిన్ నడిచేదీ శబ్దంతోనే. లోపల వేలెడంత స్ఫటికం ఒకటి ఉంటుంది. దానిలోకి మన చెవికి అందని శబ్దాన్ని పంపుతాం. ఆ శబ్దం అలలుగా సాగిపోతుంటే, అడ్డంగా వచ్చే లేజర్ కిరణం వంగుతుంది. శబ్దం శ్రుతి పెంచుకుంటూ పోతే కిరణం పక్కకు జరుగుతూ పలక మీద సన్నని పట్టీ గీస్తుంది. పెంచే వేగాన్ని కొంచెం మారిస్తే, కిరణం చుక్కగా కూడే చోటు, అంటే ఫోకస్, పైకో కిందికో జరుగుతుంది. పలక ఎక్కడైనా రవ్వంత ఎత్తుగా ఉంటే శబ్దాన్ని సర్ది ఫోకస్‌ను అక్కడికి చేర్చాలి. చేర్చకపోతే పట్టీకీ పట్టీకీ మధ్య చార పడుతుంది. నేరుగా చూస్తే కనపడదు. పలకను వాల్చి, పక్క నుంచి లైటు కొట్టి చూస్తే బయటపడుతుంది. చార పడకుండా చూడడమూ, పడితే పట్టుకోవడమూ నా పని. అందులో నన్ను మించినవాళ్ళు లేరని నాకు కాస్త పొగరు కూడా.

మగ్గం గుడ్డలోనూ చార పడుతుంది. నడిచే మగ్గాన్ని ఆపి మళ్ళీ నడిపితే, ఆపిన చోట అడ్డపోగులు దగ్గరగా కూడక పలచని గీత మిగులుతుంది. చేయి తిరిగినవాళ్ళు మళ్ళీ నడిపే ముందు గుడ్డను చుట్టే పళ్ళచక్రాన్ని కొంచెం వెనక్కి తిప్పి ఆ సందు మూసేస్తారు. మా నాయన గుడ్డలో చార చూసినవాళ్ళు లేరు. "ఆపినట్టు గుడ్డకి తెలియకూడదు" అనేవాడు.

ఒక్క సందర్భంలో మాత్రం మా వీధిలో ఎవరూ చక్రం వెనక్కి తిప్పరు. వీధిలో ఎవరైనా పోతే, శవం వీధి దాటేదాకా మగ్గాలన్నీ ఆపేస్తారు. ఆ పూట ప్రతి ఇంటి గుడ్డలోనూ ఒక చార పడుతుంది. పోయినవాళ్ళ కోసమని దాన్ని అట్లే వదిలేస్తారు. చిత్తూరులో మా వీధి చీరలు కొనే భాయ్‌కి కూడా ఆ సంగతి తెలుసు. వాటిని సావు చార చీరలని పక్కన పెట్టుకుని అమ్ముకుంటాడు తప్ప, ఒక్క మాట అనడు.

నాయన మగ్గం పక్కనే కూలిపోయాడు. అన్న నాకు ఫోన్ చేసి "నాయనకు బాగలేదు, వచ్చెయ్" అని మాత్రమే చెప్పాడు. నగరిలో బస్సు దిగి, దోవంతా దేవుళ్ళకు మొక్కుకుంటూ మా వీధి మలుపు తిరిగాను. ఒక్క మగ్గం కూడా ఆడడంలేదు. నా చెప్పుల చప్పుడు నాకు వినపడింది. ఇంక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. 

ఆ తర్వాత మెషిన్ గదిలోకి పోయినప్పుడల్లా ఆ వీధే గుర్తొచ్చేది. స్ఫటికంలో శబ్దం పోతోందని తెర మీద కనిపిస్తుంది, చెవికేమో ఏమీ ఉండదు. నాయన కూడా ఇట్లాగే ఇక్కడెక్కడో ఉన్నాడేమో, నా చెవికే అందడంలేదేమో అనిపించేది. ఒక్కోసారి అరికాళ్ళలో మగ్గం దెబ్బ తగిలేది. నిజంగానే తగిలేది. మెషిన్ కింద అదురు ఉందని సారును పిలిచి చూపించాను. కొలిచి చూస్తే ఏమీ లేదు. "నీకు సెలవు కావాలమ్మా" అన్నాడు. పిచ్చి పట్టిందని మర్యాదగా చెప్పినట్టనిపించి మండిపోయింది నాకు.

నాకు కావలసింది సెలవు కాదు, ఒక చీర. పోయే పూట నాయన మగ్గం మీద మామిడిపండు రంగు చీర ఉండింది, వంకాయ రంగు అంచుది. కర్మలన్నీ అయినాక మిగతాది అన్న నేశాడు. అందులో చార ఉంటుంది. చారకు ఇవతల నాయన, అవతల అన్న. నాయన చూస్తుండగా పడిన చివరి పోగు ఆ చార అంచునే ఉంటుంది. అక్కడ ఒక్కసారి వేలు పెడితే చాలు, నాయన పోయినాడని నా ప్రాణం ఒప్పుకుంటుంది అనుకున్నాను. ఎందుకంటే అప్పటికింకా ఒప్పుకోలేదు.

ఇంట్లో ఆ పూట మాటెత్తితే అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంటుంది. అందుకే అడగలేదు. చీర అమ్ముడుపోయే ఉంటుందనుకుని చిత్తూరు బస్సెక్కి భాయ్ అంగడికి పోయాను.

"మామిడిపండు రంగుదా? నాకు రాలేదమ్మా" అన్నాడు భాయ్. "మీ నాయన సావు చారవి ఇంకా కొన్ని ఈడనే ఉండాయి, సూడు. మీ ఇంటిదొక్కటే రాలా. వచ్చింటే అమ్ముతానా? అల్లా సాక్షి, నేనే పిలిచి నీ చేతికి ఇచ్చుందును."

ఆయన చీరలు ఒక్కొక్కటీ విప్పి పరిచాడు. ఎర్రది, పచ్చది, నీలంది. ప్రతిదానిలోనూ సన్నగా, పలచగా, అడ్డంగా చార. అందరూ మా నాయన కోసం ఆగారు. అంగట్లో మనుషులున్నారని కూడా చూడకుండా ఏడ్చాను. భాయ్ ఫ్యాన్ నా వైపు తిప్పాడు.

అక్కణ్ణుంచి నేరుగా నగరికి పోయి అమ్మను అడిగేశాను.

"పెట్టెలోనే ఉండాది గదా! నువ్వెప్పుడడిగినావు?" అంది.

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. చీర తీసి నేల మీద పొడుగునా పరిచి, తలుపు మూసి, ఫ్యాక్టరీలో పలకను చూసినట్టే పక్క నుంచి ఫోన్ లైటు కొట్టాను. ఈ కొస నుంచి ఆ కొసకు పాకాను. చార లేదు. ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చాను. లేదు. మగ్గాల కొట్టంలోంచి అన్నను పిలిచాను.

"ఇందులో చార యాడన్నా?"

"చార యాడుంటాది? చక్రం తిప్పి సర్దినా."

"సావు చార ఎవరైనా సర్దుతారా? నీకు బుద్ధుండాదా?" వీధికంతా వినపడేట్టు అరిచాను.

అన్న కోప్పడలేదు. "నాయన గుడ్డలో చార వదిలితే నాయన ఊరుకుంటాడా పాపా? చెవి మెలిపెట్టి నేర్పించినాడు నాకు. ఇంక ఆయనకు నేను చేసేది ఏముండాది?"

వీధి వీధంతా ఆయన కోసం చార పెట్టుకుంది, ఆయన చీరకు మాత్రం లేదు. నేను జీతం తీసుకుని చేసేదీ ఇదే పని, ఇంక అన్నను ఏమని తిట్టేది?

"సరే, యాడ ఆపినావో చూపించు. అంతే చాలు."

అన్న మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కొంగు పక్క నుంచి జానలు వేసుకుంటూ వచ్చి, "ఈడ" అని వేలు పెట్టాడు. తడిమి చూశాడు. "కాదు, ఇంకొంచెం ఈడ." వేలు జరిగింది. మళ్ళీ వెనక్కి పోయింది. అమ్మ లైటు పట్టుకుని వంగింది. అన్న అరచేయి ఆనించి చీర పొడుగంతా తడుముకుంటూ పోయి, కొసకు చేరి ఆగిపోయాడు.

"నాకూ తెలీడంలా పాపా" అన్నాడు. అని, ఆ చీరలోనే మొహం దాచుకుని భోరుమన్నాడు.

కొట్టంలో మగ్గాలు ఆడుతున్నాయి. అమ్మకు వినపడక "ఏమంటున్నాడు? ఏమంటున్నాడే?" అని నా భుజం పట్టుకుని ఊపింది. మా ఇంట్లో ఏ మాటైనా అరిచే చెప్పాలి.

"నాయన యాడ ఆగిపోయినాడో అన్నకూ తెలీడంలేదంటమ్మా!" అని అరిచాను.