మావాడి కవితలో నేను వినని సగం

మా పెద్దబ్బాయి పోయాడన్న కబురు తెనాలిలో ఉండే వాడి స్నేహితుడు తెచ్చాడు. తెల్లవారుజామున బాపట్లలో వాడి ప్రాణం పోతే, ఈ అబ్బాయి మధ్యాహ్నం బండికి రేపల్లెలో దిగి మా వాకిట్లో నిలబడ్డాడు. "రా నాయనా, ఎండన పడి వచ్చావు, మజ్జిగ తాగు" అన్నాను. రాలేదు. గ్లాసు అందుకోలేదు. ఎప్పుడొచ్చినా సరాసరి వంటింట్లోకి వచ్చి పీట వాల్చుకునే మనిషి. చావుకబురు తెచ్చినవాళ్ళే గడప దాటరు, మంచినీళ్ళు ముట్టరు. అతను నోరు విప్పకముందే నాకు తెలిసిపోయింది. టైఫాయిడ్ అట. మేము కంగారు పడతామని కబురు చేయొద్దన్నాడట.

వాడి గురించి రెండు ముక్కలు రాయమని వాడి కవితలు చదివిన మీరంతా అడిగారు. నేను చదివింది వీధిబడి చదువు. తోచినట్టు రాస్తున్నాను.

మావాడు బాపట్లలో హైస్కూలు తెలుగు మాస్టారు. పిల్లలకి పద్యాలు చెప్పేవాడు, తను రాసుకునేది మాత్రం పద్యం కాదు. "రాగం తీయడానికి లేదు, కంఠతా పట్టడానికి లేదు, ఇదేం కవిత్వంరా?" అనేవారు వాళ్ళ నాన్న. "కంఠతా పట్టి మర్చిపోకుండా ఉండాలనే నాన్నా" అని నవ్వేవాడు. పెళ్ళి మాట ఎత్తినా అదే నవ్వు.

ఆదివారం ఇంటికొచ్చాడంటే నూతి దగ్గర్నుంచి వీధి గుమ్మం దాకా పచార్లు చేస్తూ పైకే అనుకునేవాడు. అన్నం ముందు కూర్చున్నా అంతే. గోంగూర కలిపిన ముద్ద చేతిలోనే ఎండిపోయేది. "ముందు మింగరా, తర్వాత పాడుదువుగాని" అంటే, "పాట కాదే అమ్మా, మాట" అనేవాడు.

ఆ మాటలంటేనే నాకు భయం. ఎటు తిరిగినా చావే. పాడె, కాష్ఠం, బూడిద. "పచ్చగా ఉన్న ఇంట్లో ఇవేం మాటల్రా, ఇంకేమీ దొరకలేదా నీకు?" అని కోప్పడేదాన్ని. "చావకుండా మళ్ళీ పుట్టడం ఎట్లాగే? చచ్చేది ముందు రాయాలి, పుట్టేది తర్వాత రాయాలి. ఆఖరిదాకా విను, నీకే తెలుస్తుంది" అనేవాడు.

ఆఖరిదాకా వినడమే నా వల్ల కాలేదు. వాడికి కవిత్వం వచ్చేది సందె వేళ. నేను దీపం పెట్టేదీ అప్పుడే. ఆ వేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారనీ, మనం ఏదంటే దానికి తథాస్తు అంటారనీ మా అమ్మ చెప్పింది, ఆవిడకి వాళ్ళమ్మ చెప్పింది. వాడితో అంటే, "పద్యాలకైతే తలూపుతారేమో గాని ఆ దేవతలకి వచన కవిత్వం అర్థం కాదులేవే. నాన్నకే అర్థం కాలేదు" అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వాను గాని చదవనివ్వలేదు.

దసరా సెలవులకి వచ్చినప్పుడు, "ఇది చాన్నాళ్ళు పట్టిందమ్మా, నువ్వు వినాలి" అన్నాడు. నేను సందె దీపానికి ఒత్తులు చేసుకుంటున్నాను. "నన్ను మోసుకెళ్తున్నారు, నాలుగో భుజం నాదే" అని మొదలుపెట్టాడు. "పొద్దున చదువుదువుగాని, మా నాయన కదూ" అని బతిమాలాను. "సరేలే, పొద్దున నీ దేవతలు పడుకుంటారుగా" అన్నాడు. పొద్దునేమో బండి వేళయింది. ఇడ్లీ నోట్లో ఉండగానే సంచి తగిలించుకుని పరుగెత్తాడు. "ఈసారి వింటావా?" అని వీధి మలుపులోంచి కేకేశాడు. "వింటాలేరా, ముందు చూసుకుని నడువు" అన్నాను. వాడితో నేనన్న ఆఖరి మాట అదే.

కర్మలన్నీ అయ్యాక తెనాలిలో స్నేహితులు సభ పెట్టారు. మా ఆయన రాలేనన్నారు. నేను వెళ్ళాను. కబురు తెచ్చిన ఆ అబ్బాయే లేచి ఆ కవిత అందుకున్నాడు. అప్పుడప్పుడే లైట్లు వేస్తున్నారు. నాలుగో భుజం దగ్గరికొచ్చి ఆగిపోయి నా వంక చూశాడు. మావాడు మా ఇంటి గొడవంతా చెప్పే ఉంటాడు. "సందె వేళండి అమ్మగారూ. వేరేది చదవమంటారా?" అన్నాడు. "అదే చదువు నాయనా. ఆఖరిదాకా చదువు" అన్నాను.

చదివాడు. మోసుకెళ్ళారు. కాష్ఠం మీద పెట్టారు. నిప్పంటించి అందరూ వెళ్ళిపోయారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నాను. అప్పుడు ఎక్కడో ఇత్తడి పళ్ళెం మోగిందట. బూడిదలో ఉన్నవాడు ఆ మోత విన్నాడట. ఎవరో తనని చేటలో పడుకోబెట్టినట్టు అనిపించిందట. పళ్ళెం మోగుతూనే ఉంది. వాడు కెవ్వుమని ఏడిచాడు. కవిత అక్కడితో అయిపోయింది.

సభలో ఒకాయన అది పురాణాల పోలిక అన్నాడు. ఇంకొకాయన ఇంగ్లీషు కవుల ఫక్కీ అన్నాడు. అది ఎక్కడిదో నాకు తెలుసు. మావాడు పుట్టగానే ఏడవలేదు. నీలంగా, కట్టెలా ఉన్నాడు. పోయిన బిడ్డేననుకుని మా అత్తగారు అటు తిరిగి కళ్ళు తుడుచుకుంటున్నారు. మంత్రసాని మాత్రం ఊరుకోలేదు. చేటలో వేసి, వాడి చెవి పక్కన ఇత్తడి పళ్ళెం పట్టుకుని గరిటెతో వాయించింది. వాయించగా వాయించగా ఏడిచాడు. వాడి చిన్నతనంలో అన్నం తినిపిస్తూ ఈ కథ చెప్పేదాన్ని. తర్వాత నేను మర్చిపోయాను, వాడు దాచుకున్నాడు. ఆ దేవతలు ఇది కూడా వినేవాళ్ళు గదా, నేను చదవనిచ్చి ఉంటే. నా కథ నాకే చెబుదామని అంత దూరం నుంచి వచ్చాడు నా తండ్రి.

మర్నాడు రేపల్లె బండిలో నా ఎదురుగా ఒక అమ్మాయి పసిబిడ్డతో కూర్చుంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. "ఊరుకోబెట్టమ్మాయ్, చెవులు చిల్లులు పడుతున్నాయి" అని విసుక్కున్నాడు ఒక పెద్దాయన. ఆ పిల్ల సిగ్గుపడిపోయి తలుపు దగ్గరికి వెళ్ళబోయింది.

"ఇక్కడే కూర్చో తల్లీ, ఏడవనీ" అన్నాను. "ఏం కాదు, ఏడవనీ."

వేమూరు వచ్చింది, భట్టిప్రోలు దాటింది. ఎర్రటి మొహం పెట్టి, పిడికిళ్ళు బిగించి, బొడ్డు అదిరేటట్టు ఏడుస్తూనే ఉంది ఆ బిడ్డ. నేను దాని వంకే చూస్తూ కూర్చున్నాను.